అన్ని వేటలకూ ఒకే కుక్క: జర్మన్ షార్ట్‌హెయిర్డ్ పాయింటర్ ఎందుకు పుట్టింది, ఎలా బతుకుతుంది

చిత్తూరు, తిరుపతి జిల్లాల పల్లెల్లో వేటకుక్క అనగానే మనసులో మెదిలే రూపం దాదాపు ఒకటే: సన్నటి నడుము, పొడుగాటి కాళ్లు, లోతైన రొమ్ము, గాలిని కోసే పరుగు. తమిళ సీమ నుంచి వచ్చిన చిప్పిపారై, రాజపాళయం జాతులు గానీ, వాటి రక్తం కలిసిన నాటు కుక్కలు గానీ పేరు పొందింది కంటితో చూసి, చూసినదాన్ని తరిమి పట్టడంలోనే. శ్రీకాళహస్తి కన్నప్ప కథలో తిన్నడు అడవి పందిని వెంటాడిన వేట కూడా తరిమి పట్టే వేటే. ఈ అలవాటైన దృష్టితో చూస్తే జర్మన్ షార్ట్‌హెయిర్డ్ పాయింటర్ అనే కుక్క అర్థం కాదు. దాన్ని తీర్చిదిద్దినవారు దాని నుంచి మొదట కోరుకున్నది తరమడం కాదు, వేట జంతువు ముక్కు ముందే ఉన్నా తరమకుండా ఆగిపోవడం.

ఈ మధ్య మన పట్టణాల్లోనూ గోధుమ రంగు తల, మచ్చల ఒళ్లు, మిలమిలలాడే పొట్టి బొచ్చు ఉన్న ఈ కుక్క ఫొటోలు చూసి ముచ్చటపడేవారు కనిపిస్తున్నారు. అమ్మేవారు దీనికి తగిలించే విశేషణం ‘అన్ని పనులూ చేసే వేటకుక్క’. ఆ మాట నిజమే గానీ, అది ఎందుకు నిజమైందో, అలా నిజం కావడానికి కుక్క స్వభావంలో ఎన్ని పరస్పర విరుద్ధ గుణాలను ఒకచోట కట్టిపడేయవలసి వచ్చిందో తెలియకుండా దీన్ని ఇంటికి తెచ్చుకోవడం తెలివైన పని కాదని నా అభిప్రాయం.

పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో పెద్ద ఎస్టేట్ల యజమానులు ఒక్కో పనికి ఒక్కో కుక్కను పెంచేవారు. పక్షి ఎక్కడ దాగి ఉందో వాసన పట్టి నిలబడి చూపించడానికి పాయింటర్లు, సెట్టర్లు ఉండేవి. పొదల్లో దూరి పక్షిని లేపడానికి స్పానియల్ వచ్చేది. తూటా తగిలి పడిన పక్షిని నోట కరచి తేవడానికి రిట్రీవర్ ఉండేది. నక్కను తరమడానికి హౌండ్ల మంద వేరు. ఇన్ని రకాలను పోషించడానికి కుక్కల శాలలు, వాటికి కాపరులు, అన్నింటికీ మించి వేలాది ఎకరాల సొంత నేల కావాలి. అవన్నీ ఉన్నవారికి ఒక కుక్క అన్ని పనులూ చేయాల్సిన అవసరమే రాలేదు.

జర్మన్ రాజ్యాల్లోనూ 1848 వరకు పరిస్థితి ఇంచుమించు ఇదే. వేట కులీనుల హక్కు. రైతు పొలంలో జింక మేసినా దాన్ని కొట్టే అధికారం రైతుకు లేదు, దొరకే ఉండేది. 1848 విప్లవం కదిలించిన అనేక విషయాల్లో ఇదొకటి. పరాయి నేల మీద వేటాడే హక్కు రద్దయింది, నేల ఎవరిదో వేట హక్కు వారిదే అన్న సూత్రం వచ్చింది. మొదట్లో అది అదుపు తప్పిన వేటకు దారితీయడంతో, 1850లో ప్రష్యా ఒక చట్టం చేసింది. దాని ప్రకారం ఒకేచోట 300 మోర్గెన్లు, అంటే సుమారు 75 హెక్టార్లు ఉన్నవాడు సొంతంగా వేటాడుకోవచ్చు. అంతకంటే చిన్న కమతాలన్నీ కలిసి ఒక ఉమ్మడి వేట ప్రాంతంగా ఏర్పడతాయి, దాన్ని గ్రామం తరఫున కౌలుకు ఇస్తారు. కౌలు పద్ధతి మన జిల్లాల రైతులకు కొత్త కాదు గనుక దీని పర్యవసానం ఊహించడం కష్టం కాదు. పట్నంలోని వైద్యుడు, వ్యాపారి, అటవీ ఉద్యోగి, ఓ మోస్తరు భూమి ఉన్న రైతు వేటగాళ్లయ్యారు. వీరి దగ్గర కుక్కల శాల లేదు, ఇంటి వెనక ఒక కుక్కకు చోటు ఉంది. ఆ ఒక్క కుక్కే ఉదయం గోధుమ పొలంలో కౌజు పిట్టలను చూపించాలి, మధ్యాహ్నం చెరువులో పడిన బాతును ఈదుకుంటూ వెళ్లి తేవాలి, సాయంత్రం గాయపడి అడవిలోకి పారిపోయిన జింక రక్తపు జాడ పట్టాలి, రాత్రి ఇంటిని కాయాలి. జర్మన్ షార్ట్‌హెయిర్డ్ పాయింటర్ మాత్రమే కాదు, వైమరానర్, గరుకు బొచ్చు గల డ్రాట్‌హార్, మున్‌స్టర్‌లాండర్ వంటి జర్మన్ జాతులు ఇవాళ మనం చూస్తున్న రూపానికి రావడం వెనుక ఈ భూమి హక్కుల మార్పు ఉంది. జాతి చరిత్ర రాసేవారు తరచూ ఏ కుక్కను ఏ కుక్కతో కలిపారన్న వంశావళిలో మునిగిపోయి ఈ అసలు కారణాన్ని ఒక వాక్యంతో దాటేస్తారు.

ఇక కుక్కల సంగతి. జర్మన్ల చేతిలో అప్పటికే పొట్టి బొచ్చు గల పాత పక్షివేట కుక్కలు ఉండేవి. వాటి మూలాలు స్పెయిన్, ఫ్రాన్స్ ప్రాంతాల నుంచి వచ్చిన పాయింటర్ జాతుల్లో ఉన్నాయని, వాటిలో వాసన పట్టి జాడ తీసే హౌండ్ల రక్తం కలిసిందని సాధారణంగా అంగీకరిస్తారు. అవి బరువైనవి, నిదానమైనవి, ముక్కు నేలకు ఆనించి నడిచేవి. జాడ తీయడంలో నమ్మకమైనవే గానీ, విశాలమైన పొలాల్లో వేగంగా తిరిగి పక్షులను వెతకడానికి పనికిరావు. ఇంగ్లిష్ పాయింటర్‌ది దీనికి పూర్తిగా వ్యతిరేకమైన తీరు. తల ఎత్తి, గాలిలో తేలివచ్చే వాసనను పట్టుకుంటూ, గుర్రంలా దూరదూరాలు చుట్టేస్తుంది. కానీ నీళ్లంటే దానికి పెద్ద ఇష్టం ఉండదు, పడిన పక్షిని తెచ్చివ్వాలన్న పట్టుదలా తక్కువే.

ఈ రెంటినీ కలపాలా వద్దా అన్నదాని మీద జర్మన్ వేటగాళ్లు తీవ్రంగా తగవులాడుకున్నారు. ఒక వర్గానికి పాత జర్మన్ కుక్క రూపం పవిత్రం: బరువైన తల, వేలాడే పొడుగు చెవులు, మందమైన ఒళ్లు చెక్కుచెదరకూడదు, విదేశీ రక్తం చేరకూడదు. రెండో వర్గానికి పని ముఖ్యం. సోల్మ్స్ బ్రౌన్‌ఫెల్స్ రాజవంశానికి చెందిన ఆల్బ్రెక్ట్ ప్రభువు ఈ రెండో వర్గానికి పెద్ద అండ. కుక్క ఎలా ఉండాలన్నది ముందుగా నిర్ణయించి దానికి తగిన కుక్కలను ఎంచడం కాకుండా, ఏ కుక్క పని బాగా చేస్తుందో చూసి దాని సంతానాన్ని పెంచితే రూపం తనంతట తానే కుదురుకుంటుందని ఆయన వాదన. 1883లో జరిగిన జర్మన్ డెర్బీ అనే వేటకుక్కల పోటీలో నీరో, ట్రెఫ్ అనే రెండు కుక్కలు సమానంగా నిలిచాయి. తర్వాతి తరాల మేలైన కుక్కల వంశవృక్షాల్లో ఈ రెండు పేర్లు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. 1891లో బెర్లిన్‌లో ఈ జాతి కోసం క్లబ్ కుర్ట్స్‌హార్ అనే సంఘం ఏర్పడింది. ఇంగ్లిష్ పాయింటర్ రక్తం కొలతగా చేరింది, పాత కుక్క బరువు తగ్గింది, వేగం పెరిగింది, తల పైకి లేచింది. అయితే నేల మీది జాడను పట్టే ముక్కు, నీళ్లలోకి దూకే తెగువ పోకుండా ప్రతి తరంలోనూ పరీక్షించి ఏరుకున్నారు.

పరీక్ష అన్న మాట ఇక్కడ ఊరికే వాడలేదు. ఈ జాతి నిలిచి ఉన్నది దాని మీదే. వసంతకాలంలో ఏడాది వయసు కుక్కలకు డెర్బీ అనే పరీక్ష ఉంటుంది. ముక్కు ఎంత చురుకు, వెతికే తీరు ఎలా ఉంది, పక్షి వాసన తగలగానే నిలబడుతుందా లేదా అన్నవి అందులో చూస్తారు. శరదృతువులో జరిగే రెండో పరీక్షకు ఆల్బ్రెక్ట్ ప్రభువు స్మారకంగా సోల్మ్స్ అనే పేరే పెట్టారు. అందులో నీటి పని, ఈడ్చుకెళ్లిన జంతువు జాడ పట్టి తేవడం కూడా చేరతాయి. ఆపైన రెండు రోజుల పాటు సాగే పెద్ద పరీక్ష ఉంది. గంటల తరబడి పాతబడిన రక్తపు జాడను వందల మీటర్లు అనుసరించడం, నక్క కళేబరాన్ని నోట కరచుకుని అడ్డంకి మీదుగా దూకి తేవడం వంటి కఠినమైన అంశాలు అందులో ఉంటాయి. వేటకుక్కల సంఘాలన్నింటినీ కలిపి 1899లో ఏర్పడిన జర్మన్ సమాఖ్య ఈ పరీక్షలకు ఉమ్మడి నియమాలు రూపొందించింది. గాయపడిన జంతువును వెతికి దాని బాధను త్వరగా ముగించడానికి శిక్షణ పొందిన కుక్క అందుబాటులో ఉండాలని జర్మనీలోని పలు రాష్ట్రాల వేట చట్టాలు నేటికీ ఆదేశిస్తాయి. కాబట్టి అక్కడ ఈ కుక్క నైపుణ్యం సరదా వ్యవహారం కాదు.

ఇప్పుడు ఈ జాతికి పేరు తెచ్చిన ఆ నిలబడటం గురించి కొంత వివరంగా చూడాలి. వేటాడే జంతువు ప్రవర్తనలో ఒక వరుస ఉంటుంది: గమనించడం, చూపు నిలపడం, నక్కి నక్కి దగ్గరికి వెళ్లడం, తరమడం, పట్టడం, చంపడం. తోడేలులో ఈ వరుస మొత్తం ఒకదాని వెంట ఒకటి జరిగిపోతుంది. పాయింటర్ జాతుల్లో శతాబ్దాల ఎంపిక ద్వారా మనిషి ఈ వరుసను మధ్యలో తుంచాడు. నక్కి దగ్గరికి వెళ్లే దశ విపరీతంగా సాగి, ఒక బిందువు దగ్గర గడ్డకట్టిపోతుంది. వాసన ముక్కుకు బలంగా తగిలిన క్షణంలో కుక్క శిల్పంలా ఆగిపోతుంది, తరచూ ముందుకాలు ఒకటి పైకి మడుస్తుంది, తోక నిటారుగా బిగుస్తుంది, ముక్కు పక్షి దాగిన దిక్కునే చూపిస్తుంది. రెండు నెలల పిల్ల కూడా, ఎవరూ నేర్పకుండానే, సీతాకోకచిలుకను చూసి ఇలా నిలబడవచ్చు. ఈ గుణం పుట్టుకతోనే వస్తుంది గనుకే ఇది సాధ్యం. నేర్పవలసిందల్లా పక్షి లేచి ఎగిరినా, తుపాకీ పేలినా కదలకుండా ఉండే నిగ్రహం.

ఈ నిలబడటం ఎందుకు ఉపయోగపడుతుందో తెలియాలంటే పక్షి వైపు నుంచి చూడాలి. నేల మీద గూడు కట్టే అనేక పక్షులు ఆపద వచ్చినప్పుడు ఎగరడం కంటే రంగు చాటున కదలకుండా ఒదిగి కూర్చోవడాన్నే నమ్ముకుంటాయి. మన పొలాల్లోని పూరేడు పిట్ట ఇందుకు మంచి ఉదాహరణ. కాలికి తగిలేదాకా పొదలో కూర్చుని ఒక్కసారిగా బుర్రున లేస్తుంది. కుక్క దూకితే పక్షి దూరంగానే ఎగిరిపోతుంది, కుక్క ఆగితే పక్షి కూడా ఆగుతుంది, ఆ వ్యవధిలో మనిషి నడిచి దగ్గరికి రాగలడు. తుపాకులు రాకముందు, నిలబడిన కుక్క ముందున్న పక్షుల గుంపు మీద వల విసిరి పట్టేవారు. మన కౌజు పిట్ట మాత్రం ఒదిగి కూర్చోవడం కంటే పరుగెత్తడానికే ఇష్టపడుతుంది. అలాంటి పక్షి ఎదురైనప్పుడు కుక్క నిలబడి, మళ్లీ కదిలి, మళ్లీ నిలబడి, పక్షి పరుగును కనిపెడుతూ పోవాలి. ఈ తెలివి అనుభవం మీదే వస్తుంది.

విరుద్ధత ఇక్కడే మొదలవుతుంది. పక్షి ముందు కదలకూడని ఈ కుక్కే గాయపడిన కుందేలు పరుగెత్తితే వదలకుండా వెంటాడాలి. పక్షిని పళ్లు దిగకుండా మెత్తగా పట్టి తేవలసిన నోటితోనే నక్కను ఎదుర్కోవాలి. పొలంలో తల ఎత్తి గాలి వాసన చూసే ముక్కే అడవిలో నేలకు ఆని రక్తపు చుక్కల వాసన వెతకాలి. యజమాని కంటికి కనపడనంత దూరం స్వతంత్రంగా వెళ్లాలి, అయినా ఈల వినగానే తిరిగి రావాలి. ఒకే పనికి పెంచిన జాతికి ఈ ఇబ్బంది ఉండదు. పక్కపక్కనే బతకడానికి ఇష్టపడని గుణాలను ఒకే బుర్రలో కాపురం ఉంచడమే సకల వేట నైపుణ్యం అంటే. అందుకే ఏ ఒక్క పనిలోనూ ఇది ఆ పనికే పుట్టిన కుక్కను మించకపోవచ్చు. వేగంగా పొలాన్ని చుట్టడంలో ఇంగ్లిష్ పాయింటర్, నీటి పనిలో లాబ్రడార్ దీనికంటే ముందుంటాయి. దీని విలువ అన్నింటినీ సంతృప్తికరంగా చేయడంలో ఉంది.

రూపం విషయానికి వస్తే, అంతర్జాతీయ కెనైన్ సమాఖ్య ప్రమాణం ప్రకారం మగ కుక్క ఎత్తు 62 నుంచి 66 సెంటీమీటర్లు, ఆడది 58 నుంచి 63. బరువు సాధారణంగా మగదానికి 25 నుంచి 32 కిలోలు, ఆడదానికి 20 నుంచి 27. ముదురు గోధుమ రంగు ఒంటి నిండా గానీ, తెలుపుతో కలిసి మచ్చలుగా, చుక్కలుగా గానీ ఉంటుంది. నల్ల రంగు ఇంగ్లండు నుంచి తెచ్చిన నల్ల పాయింటర్ల ద్వారా చేరింది; జర్మనీలో అది చెల్లినా అమెరికా ప్రమాణం చాలాకాలం ఒప్పుకోలేదు. వేళ్ల మధ్య పొర ఉండటం ఈ జాతికే ప్రత్యేకమని కొందరు చెబుతారు గానీ, ఎంతో కొంత పొర అన్ని కుక్కలకూ ఉంటుంది. తోకను పుట్టిన కొద్ది రోజుల్లోనే కొంత కత్తిరించడం పాత ఆచారం. ముళ్ల పొదల్లో తోక చివర చీలి రక్తం కారకుండా అని దానికి కారణం చెబుతారు. జర్మనీ చట్టం తోక కత్తిరింపును నిషేధిస్తూ వేటలో నిజంగా వాడే కుక్కలకు మాత్రం మినహాయింపు ఇస్తుంది. మన ఇళ్లలో సోఫా పక్కన పడుకునే కుక్కకు ఆ కారణం ఏ విధంగానూ వర్తించదు.

అమెరికాకు ఈ జాతిని స్థిరంగా పరిచయం చేసిన ఘనత మోంటానా రాష్ట్రంలోని మిస్సౌలాకు చెందిన వైద్యుడు చార్లెస్ థార్న్‌టన్‌ది. ఆయన 1925లో ఆస్ట్రియా నుంచి కుక్కను తెప్పించాడు. అమెరికన్ కెన్నెల్ క్లబ్ 1930లో గుర్తింపు ఇచ్చింది. బ్రిటన్‌లో రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, జర్మనీలో పనిచేసి తిరిగివచ్చిన సైనికుల వెంట ఈ జాతి వేళ్లూనుకుంది. న్యూయార్క్‌లో జరిగే వెస్ట్‌మినిస్టర్ ప్రదర్శనలో 1974, 2005, 2016 సంవత్సరాల్లో ఈ జాతి కుక్కలే అగ్ర బహుమతి గెలిచాయి. అందాల పోటీలో గెలిచే కుక్కలకు, పొలంలో పనిచేసే కుక్కలకు మధ్య అనేక జాతుల్లో పెద్ద అగాధం ఏర్పడింది. ఈ జాతిలో ఆ అగాధం అంత లోతు కాలేదు.

తిరుపతిలో లేదా చిత్తూరులో ఈ కుక్కను పెంచుకునేవారికి మొదటి నిజం చట్టం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 9వ సెక్షన్ రక్షిత జంతువుల వేటను నిషేధిస్తుంది. తుపాకీ పేల్చడమే వేట అనుకుంటే పొరపాటు. చంపడం, పట్టుకోవడంతో పాటు కుక్కలతో వెంటాడటం, తరమడం, ఉచ్చు పన్నడం, ఆ ప్రయత్నం చేయడం కూడా చట్టం ఇచ్చిన నిర్వచనంలోకి వస్తాయి. కుందేలు, కౌజు, పూరేడు, నెమలి ఏదైనా సరే, శేషాచలం అంచుల్లో సరదాకు కుక్కను వదిలినా నేరం అంటుకోవచ్చు. పైగా ఆ కొండల్లో చిరుతలున్నాయి. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఆవరణ పరిసరాల్లోకి కూడా అవి వచ్చిన సందర్భాలున్నాయి. చిరుతకు కుక్క ఇష్టమైన ఆహారం. ముక్కు చూపిన దారిన యజమానికి దూరంగా పోయే గుణమున్న కుక్కను అక్కడ గొలుసు లేకుండా వదలడం దానికే ప్రాణాపాయం. రక్తపింజరి దాగిన పొదలోకి ముక్కు దూర్చే అలవాటు దీనికి మరీ ఎక్కువ.

రెండో సమస్య ఎండ. పొట్టి బొచ్చు కొంత మేలే గానీ, కుక్క ఒళ్లంతా చెమట పట్టి చల్లబడదు, రొప్పుతూ చల్లబడుతుంది. 40 డిగ్రీలు దాటే తిరుపతి వేసవిలో అలుపు తెలియనంత ఉత్సాహమున్న ఈ కుక్క ఆగకుండా పరుగెత్తి వడదెబ్బకు గురికావచ్చు. దాని ఒంటి వేడి 41 డిగ్రీలు దాటితే ప్రమాదం. తెల్లవారకముందు ఒక గంటకు తగ్గకుండా, పొద్దుగూకాక మరికొంతసేపు వ్యాయామం అవసరం. అది కుదరని ఇంట్లో ఈ కుక్క తలుపులు గీరుతుంది, పరుపులు చింపుతుంది, గోడ దూకుతుంది. దాన్ని చెడ్డ కుక్క అనడం అన్యాయం. రోజంతా నేల మీద పనిచేయడం కోసం తయారైన ఒంటికి పని దొరకలేదు, అంతే.

మన జిల్లాల ప్రత్యేకమైన చిక్కులు మరికొన్ని ఉన్నాయి. తేమ తగిలి బూజు పట్టిన వేరుశనగలో పెరిగే అఫ్లాటాక్సిన్ కుక్క కాలేయాన్ని దెబ్బతీస్తుంది, కాబట్టి నూనె తీసిన పాత చెక్క గానీ, నిల్వ కాయలు గానీ దానికి అందకూడదు. మామిడి కాలంలో తోటల్లో పడి ఉండే టెంకెను మింగితే పేగులో అడ్డుపడి శస్త్రచికిత్స దాకా వెళుతుంది. పిడుదులు మోసుకొచ్చే ఎర్లిషియా అనే జ్వరం దక్షిణ భారతంలో సర్వసాధారణం. ముక్కు నుంచి రక్తం కారడం, నీరసం, చిగుళ్లు పాలిపోవడం కనబడితే ఆలస్యం చేయకూడదు. తిరుపతిలో పశువైద్య విశ్వవిద్యాలయం ఉండటం ఈ ప్రాంతపు పెంపకందారులకు అదృష్టమే. లోతైన రొమ్ము గల జాతి గనుక కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదం కూడా దీనికి ఉంది. రోజుకు ఒక్కసారి కడుపునిండా కాకుండా రెండు మూడు సార్లుగా పెట్టడం, తిన్న వెంటనే పరుగెత్తించకపోవడం మంచిది.

వేట లేని చోట ఈ కుక్క ముక్కుకు పని ఇవ్వడం సాధ్యమే. విమానాశ్రయాల్లో పేలుడు పదార్థాలను పసిగట్టడానికి అమెరికా రవాణా భద్రతా సంస్థ ఈ జాతిని విరివిగా వాడుతోంది. నిటారు చెవుల కుక్కల కంటే వేలాడే చెవుల కుక్కలను చూసి ప్రయాణికులు తక్కువ బెదురుతారన్నది కూడా అందుకు వారు చెప్పిన కారణాల్లో ఒకటి. ఇంటి దగ్గర అంత పెద్ద ఏర్పాటు అక్కరలేదు. పాత గుడ్డకు ఒక వాసన పట్టించి పెరట్లోనో మిద్దె మీదో దాచి వెతికించడం, దాచే చోట్లను రోజురోజుకూ కష్టం చేయడం, దొరికినదాన్ని చేతికి తెచ్చివ్వడం నేర్పడం వంటివి అరగంటలో దాన్ని అలసిపోయేలా చేస్తాయి. పూర్వపు వేటగాళ్లు కోరుకున్న వెతుకులాట, తెచ్చివ్వడం రెండూ ఇందులో ఉన్నాయి. పక్షి మాత్రం లేదు.

పిల్లను కొనేముందు అమ్మేవారిని అడగవలసినవి కొన్ని ఉన్నాయి. తల్లిదండ్రుల తుంటి ఎముకల ఎక్స్‌రే తీశారా, రక్తం గడ్డకట్టకపోయే వాన్ విల్లెబ్రాండ్ వ్యాధికి, పగటి వెలుగులో చూపు మందగించే కోన్ డీజెనరేషన్‌కు, చిన్న వయసులోనే చర్మం మీద మొదలై ఒళ్లంతా బాధించే లూపాయిడ్ డెర్మటోసిస్‌కు జన్యు పరీక్షలు చేయించారా అన్నవి ముఖ్యం. ఈ మూడు వ్యాధులూ ఈ జాతిలో ఉన్నాయని నిర్ధారణ అయినవే, వాటికి పరీక్షలూ ఉన్నాయి. వంశపత్రం చూపించి సరిపెట్టేవారి దగ్గర, తల్లి కుక్కను కళ్లారా చూపించడానికి వెనకాడేవారి దగ్గర కొనకపోవడమే మేలు. ఆరోగ్యంగా పెరిగితే ఇది 12 నుంచి 14 ఏళ్లు బతుకుతుంది. ఆ ఏళ్లలో ఎక్కువ భాగం ఉదయం ఐదింటికే లేచి గొలుసు చేతపట్టుకోవలసింది ఇంట్లో ఎవరన్నది కూడా ముందే తేల్చుకోవాలి.